ఏడో నంబరు బావి

ఆ ఆఫీసులో ఆమెను అందరూ జవాబులమ్మ అనేవాళ్లు. ఎదురుగా కాదు, చాటుగా. ఆమెకు ఆ సంగతి తెలుసు. పట్టించుకునే ఓపిక లేక ఊరుకునేది. ఇరవై నాలుగేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే మరి. ఎక్కడైనా రోడ్డు వేయాలన్నా, వంతెన కట్టాలన్నా, ఫ్యాక్టరీ పెట్టాలన్నా, దానివల్ల గాలికీ నీటికీ చెట్టుకీ మనిషికీ ఏం ముప్పు వస్తుందో ముందుగా ఓ నివేదిక తయారు చేయాలి. అలాంటి నివేదికలు రాసిపెట్టే ప్రైవేటు కంపెనీ అది. ముసాయిదాను జనం ముందు పెట్టి నలభై అయిదు రోజులు గడువిస్తారు. ఆ గడువులో జనం ఏం రాసినా, తిట్టినా, మొత్తుకున్నా, ప్రతి ఒక్కదానికీ జవాబు రాసి తుది నివేదికలో అచ్చువేయాలి. ఆ జవాబులు రాసేది ఆమె.

పని పైకి కనిపించినంత తేలిక కాదు. ఉత్తరాలు వస్తాయి, ఈమెయిళ్లు వస్తాయి, బహిరంగ సభలో మైకు ముందు అరిచినవాళ్ల మాటలు టేపు మీద వస్తాయి. అన్నిటికీ నంబర్లు వేయాలి. ఒకే ఉత్తరంలో దుమ్ము గురించి రెండు మాటలు, లారీల హారన్ల గురించి ఒకటి, మేయరుగారి బావమరిది గురించి నాలుగు ఉంటాయి. వాటిని విడదీయాలి. దుమ్ము సంగతి గాలి నిపుణుడికి, హారన్ల సంగతి చప్పుడు కొలిచేవాడికి పంపాలి. బావమరిది సంగతులు నాలుగూ 'ఈ నివేదిక పరిధిలోకి రావు' అనే గడిలో పడతాయి. నిపుణులు పంపిన ముక్కలను మామూలు మాటల్లోకి మార్చి, ఎవరి మనసూ నొప్పించకుండా, ఎక్కడా మాట ఇచ్చినట్టు లేకుండా జవాబు కూర్చాలి. ఇన్నేళ్లలో ఆమె దగ్గర పదకొండు జవాబులు తయారై కూర్చున్నాయి. ఏ ప్రాజెక్టుకైనా అవే. వాటిలో మొదటిది 'మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం, ధన్యవాదాలు'. ఆ ఒక్క వాక్యాన్ని తన జీవితంలో ఎన్ని వేలసార్లు టైపు చేసి ఉంటుందో ఆమెకే తెలియదు. వేళ్లకు తెలుసేమో.

ఆమె బల్ల మూడో అంతస్తులో, జిరాక్సు మిషనుకూ బాత్రూము తలుపుకూ మధ్య ఉండేది. కిటికీ ఉంది గానీ దాని ఎదురుగా పక్క బిల్డింగు గోడ, ఆ గోడ మీద నీళ్లు కారిన చార. లిఫ్టు పనిచేసిన రోజు కంటే పనిచేయని రోజులే ఎక్కువ. యాభై మూడేళ్లకు ఆమె మోకాళ్లు మెట్లు చూస్తేనే మొరాయించేవి. మూడో అంతస్తుకు చేరాక రెండు నిమిషాలు రెయిలింగు పట్టుకుని నిలబడి, ఊపిరి సర్దుకుని, అప్పుడు లోపలికి వెళ్లేది. ఎవరైనా చూస్తే ఫోను చూసుకుంటున్నట్టు నటించేది.

ఇంట్లో ముగ్గురు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. తెల్లవారకముందే వెళ్లిపోయి మధ్యాహ్నానికి వచ్చి గుర్రుపెట్టి నిద్రపోతాడు. అత్తగారికి ఎనభై దాటాయి. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది ఆవిడ వినదలుచుకున్నప్పుడు మాత్రం పనిచేస్తుంది. సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతుండగానే ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే.

"ఏమ్మా, ఇవాళ ఎంతమంది తిట్టారు?"

"అరవై రెండు మంది అత్తయ్యా."

"పోనీలే, నిన్నటి మీద తగ్గారు."

అంతకుమించి ఇంట్లో ఆఫీసు మాట వచ్చేది కాదు. చెప్పడానికి మాత్రం ఏముంది? జవాబు రాసినవాళ్లలో ఒక్కరినీ ఆమె ఎన్నడూ చూడలేదు. ఏ ఉత్తరం ఏమైందో, ఏ రోడ్డు ఎవరి గుమ్మం ముందునుంచి పోయిందో ఆమెకు తెలియదు. నివేదిక అచ్చయి వెళ్లిపోగానే ఇంకో ప్రాజెక్టు ఫైలు బల్ల మీద పడేది.

ఆ ఏడు పడినది గోదాముల ఫైలు. ఊరికి దక్షిణం వైపు, పాత రోడ్డు కట్టకు ఆనుకుని ఉన్న పల్లపు భూమిలో ఇరవై రెండు గోదాములూ, మూడు వందల లారీలు నిలిపే స్థలమూ కట్టాలని ఒక పెద్ద సంస్థ ప్లాను వేసింది. వచ్చిన అభిప్రాయాలు పదకొండు వందల పైచిలుకు. సగానికి సగం ఒకే ఉత్తరాన్ని నకలు చేసి సంతకాలు మార్చినవి. పక్క బల్ల అమ్మాయి వాటికి నంబర్లు వేసి పెట్టేది. ఆమె జవాబులు రాసుకుంటూ పోయేది. తుది నివేదిక ఇవ్వడానికి ఇంకా పదమూడు రోజులుండగా ఆరు వందల పన్నెండో నంబరు ఆమె చేతికొచ్చింది.

అది గీతల కాగితం మీద నీలం సిరాతో రాసిన ఉత్తరం. అక్షరాలు పెద్దవిగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. రాసినాయన ఊరి నీళ్ల పంపుహౌసులో ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. తిట్లు లేవు, దండాలు లేవు. మీ ముసాయిదాలో రెండు వందల పద్నాలుగో పేజీలో ఏడో నంబరు బావిలో నీళ్లు పదకొండు మీటర్ల లోతున ఉన్నాయని రాశారు, ఆ బావిని తొమ్మిదేళ్ల కిందట నా చేతులతో నేనే రాళ్లు పోసి పూడ్చి పైన సిమెంటు పలక వేయించాను, మీవాళ్లు కొలిచింది దేన్నో తెలుసుకోవాలని ఉంది అని రాశాడు. కింద చిన్న మ్యాపు. వీధులు, మలుపులు, బావి ఉన్న చోట ఒక చుక్క.

ఆమె అలవాటు ప్రకారం దాన్ని నీటి నిపుణుడికి పంపింది. గంటలో జవాబు వచ్చింది: కొలతలన్నీ ఆమోదించిన పద్ధతుల ప్రకారమే తీసుకున్నాం. అది ఆమె పదకొండు జవాబుల్లో నాలుగోది. అతికించి ముందుకు పోవచ్చు. పోదామనే అనుకుంది కూడా. కానీ 'నా చేతులతో నేనే' అన్న మాట దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. ఆ మాట రాసిన మనిషికి 'ఆమోదించిన పద్ధతులు' అని చెబితే ఎలా ఉంటుందో ఆలోచించింది. ఇరవై నాలుగేళ్లలో అలా ఆలోచించడానికి టైము దొరికిన గుర్తు ఆమెకు లేదు.

ఆ చోటికి వెళ్లి కొలిచినవాళ్లు నింపుకొచ్చిన కాగితాలు కింది గదిలో పెట్టెల్లో ఉంటాయి. మధ్యాహ్నం భోజనం మానేసి దిగింది. ఎనిమిది బావుల కాగితాలున్నాయి. ఏడింటి మీద తేదీ, టైము, కొలిచినవాడి సంతకం. ఏడో నంబరు దాని మీద మాత్రం పెన్సిలుతో ఒక్క ముక్క: 'బావి కనబడలేదు. పాత రోడ్డు నివేదికలోని అంకె వాడొచ్చు.' పెన్సిలు రాత కంప్యూటరులోకి ఎక్కేటప్పుడు మొదటి వాక్యం ఎక్కడో జారిపోయింది. అంకె ఒక్కటే మిగిలింది.

పాత రోడ్డు నివేదిక అంటే పన్నెండేళ్ల కిందట ఆ రోడ్డు కట్ట వేయకముందు తయారైనది. దాన్నీ ఈ కంపెనీయే చేసింది. దాని జవాబులూ ఆమె రాసినవే.

నీటి నిపుణుడిని అడిగితే మొదట నీళ్లు నమిలాడు. తర్వాత, "ఒక్క బావే కదా మేడమ్. మిగతా ఏడూ సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. ఆమె మ్యాపు తీసి చూసింది. మిగతా ఏడూ మెరకలో ఉన్నాయి. గోదాములు కట్టబోయే పల్లంలో ఉన్నది ఏడోదొక్కటే.

శనివారం సెలవు. బట్టలు ఉతికి ఆరేసి, అత్తగారికి మందులిచ్చి, రెండు బస్సులు మారి అక్కడికి వెళ్లింది. ఆఫీసు పంపలేదు, ఎవరూ అడగలేదు. ఉత్తరం మీదున్న అడ్రసు పట్టుకుని పాత రోడ్డు కట్ట దిగువకు నడిచింది. కట్ట మనిషి ఎత్తుకు పైనే ఉంది. దాని మీద లారీలు పోతుంటే కింద కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. కట్టకు ఇవతల ఒకే వరసలో చిన్న ఇళ్లు. ప్రతి ఇంటి గోడ మీదా మోకాలి ఎత్తున మట్టిరంగు గీత ఒకటి, ఎవరో తాడు పట్టుకుని గీసినట్టు, వీధి చివరిదాకా ఉంది.

ఉత్తరం రాసిన పంపుహౌసు పెద్దాయన గుమ్మంలో కూర్చుని కుళాయి వాషరు మారుస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తను ఎక్కడినుంచి వచ్చిందో చెబితే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. వాషరు బిగించి, చేతులు కడుక్కుని, పదండి చూపిస్తానన్నాడు. మూడిళ్ల అవతల సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది. సైకిళ్లు పక్కకు జరిపి నేల చూపించాడు. గుండ్రటి సిమెంటు పలక. అంచున తేదీ వేలితో రాసి ఉంది. తొమ్మిదేళ్ల కిందటిది.

ఎందుకు పూడ్చారని అడిగింది. రోడ్డు కట్ట వేశాక వాననీళ్లు తూర్పుకు పోయే దారి మూసుకుపోయిందనీ, నీళ్లు ఇక్కడే నిలిచి బావిలో మట్టం పైపైకి వచ్చిందనీ, రెండేళ్లకు మరుగుదొడ్ల నీళ్లు కూడా అందులో కలిశాయనీ చెప్పాడు. వీధిలో పదకొండు మంది ఆసుపత్రి పాలయ్యారు. ఎదురింటి తాపీమేస్త్రి కూతురు, నాలుగేళ్ల పిల్ల, ఆసుపత్రినుంచి ఇంటికి రాలేదు. ఆ తర్వాత మునిసిపాలిటీవాళ్లు బావి మూసేయమన్నారు. ఆయన ఇదంతా పంపు రిపేరు గురించి చెప్పినట్టే చెప్పాడు, గొంతు ఎత్తకుండా.

ఇంట్లోకి తీసుకెళ్లి స్టూలు వేశాడు. టీ ఇచ్చాడు. అలమరలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో కరెంటు బిల్లుల మధ్యనుంచి ఒక కాగితం లాగాడు. రోడ్డు వేయకముందు కూడా నేను రాశానమ్మా, కట్ట కింద పైపులు వేయండి, నీళ్లు పోయే దారి ఇదీ అని బొమ్మ గీసి మరీ పంపాను, జవాబు కూడా వచ్చింది అన్నాడు.

ఆమె కాగితం తీసుకుంది. మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం. ప్రాజెక్టు రూపకల్పనలో తగిన పరిశీలన జరుగుతుంది. ధన్యవాదాలు.

టీ గ్లాసు కింద పెట్టింది. చెప్పకపోయినా ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. జవాబు కింద పేరుండదు, కంపెనీ ముద్రే ఉంటుంది. అయినా నోటినుంచి వచ్చేసింది.

"ఇది రాసింది నేనే."

పెద్దాయన ఆమె వంక చూశాడు. కాగితం వంక చూశాడు. కట్ట మీద లారీ పోయింది, గిన్నెలు కదిలాయి.

"నేను రాసిన ఉత్తరం అప్పుడు చదివావా?" అన్నాడు చివరికి. 'మీరు' అన్నది 'నువ్వు' అయింది.

"చదివే ఉంటాను. గుర్తు లేదు."

"గుర్తుండదులే. ఎన్ని వస్తాయో ఏమో." కాగితం మడిచి మళ్లీ బిల్లుల మధ్య పెట్టాడు. "గోదాములు వద్దని నేను అనడం లేదమ్మా. మా వీధి కుర్రాళ్లకు పనులు దొరుకుతాయి. నీళ్లు ఎక్కడున్నాయో అక్కడున్నాయని రాయమంటున్నాను. అంతే."

ఆయన క్షమించానని అనలేదు. ఆమె అడగనూ లేదు. బస్‌స్టాపు దాకా వచ్చి, ఎక్కాల్సిన బస్సు నంబరు చెప్పి వెనక్కి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చాక ఆమె ఆరేసిన బట్టలు తీయకుండానే మంచం మీద వాలిపోయింది. అత్తగారు గుమ్మంలో నిలబడి, ఇవాళ సెలవు కదా, ఎవరు తిట్టారని అడిగింది. ఎవరూ తిట్టలేదంది కోడలు. తిట్టి ఉంటే బాగుండేదని పైకి అనలేదు. అత్తగారు ఏమనుకుందో, వెళ్లి తీగ మీది బట్టలు తనే ఒక్కొక్కటీ తీసుకొచ్చి మంచం చివర పెట్టింది.

సోమవారం ఉదయం ఆమె ఆరు వందల పన్నెండో నంబరుకు జవాబు రాసింది. నాలుగు వాక్యాలు. మీరు చెప్పింది నిజం. ఏడో నంబరు బావి తొమ్మిదేళ్ల కిందటే మూతపడింది. ముసాయిదాలోని అంకె పన్నెండేళ్ల కిందటి నివేదికనుంచి తీసుకున్నది. పల్లపు ప్రాంతంలో ప్రస్తుత నీటిమట్టం ఎంతో మేము కొలవలేదు.

మధ్యాహ్నానికి మేనేజరు పిలిచాడు. ఆమె కంటే పన్నెండేళ్లు చిన్న. ఈ ఆఫీసులో మొదటి రోజు ఆమె బల్ల పక్కనే కుర్చీ వేసుకుని నంబర్లు వేయడం నేర్చుకున్నవాడు. నలుగురి ముందు మేడమ్ అంటాడు, తలుపు వేసి ఉంటే అక్కా అంటాడు. తలుపు వేశాడు.

"నిజం అని రాస్తే ఎలా అక్కా? మనం ఎప్పుడైనా అలా రాశామా? 'వివరణ జోడించాం' అని రాద్దాం. ఆ చివరి వాక్యం అసలు వద్దు. కొలవలేదు అంటే మనం పని చేయలేదని మనమే రాసిచ్చినట్టు."

"చేయలేదుగా."

అతను రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. అతనూ సరిగా నిద్రపోయిన మనిషిలా లేడు. కొత్తగా బావి తవ్వి కొలవాలంటే వానాకాలం మొత్తం ఆగాలని, గోదాముల సంస్థ ఆగదని, ఈ కాంట్రాక్టు పోతే పద్నాలుగు మందిలో ఎవరెవరిని పొమ్మనాలో తను కూర్చుని తేల్చాలని చెప్పాడు. అన్నీ నిజాలే. అతను చెడ్డవాడు కాడని ఆమెకు తెలుసు. అతని పెళ్లికి ఆమే దగ్గరుండి పనులు చూసింది. ఆమె అతనికి సైకిలు షెడ్డు గురించి చెప్పింది. గోడల మీది గీత గురించి చెప్పింది. తాపీమేస్త్రి కూతురి గురించి చెప్పింది. పాత జవాబు ఎవరు రాశారో కూడా చెప్పింది. అతను విన్నాడు. విని, అది నీ తప్పు కాదక్కా, పైపులు వేయనిది ఇంజనీర్లు అన్నాడు.

"వాళ్ల దగ్గరికి నా జవాబు వెళ్లింది. ఆయన బొమ్మ వెళ్లలేదు. నేను పంపలేదు."

సాయంత్రం అయిదు దాకా వాదులాడుకున్నారు. వాదన అనడానికి కూడా లేదు, ఇద్దరికీ గొంతులో సత్తువ లేదు. చివరికి బేరం కుదిరింది. మొదటి మూడు వాక్యాలు ఉంటాయి. నాలుగోది తీసేయాలి. నీటి మీద ప్రభావం చెప్పుకోదగ్గది కాదన్న అసలు నివేదికలోని మాట అలాగే ఉంటుంది. ఆమె ఒప్పుకుంది.

ఎందుకు ఒప్పుకుందో తర్వాత చాలా రోజులు తనను తానే ప్రశ్నించుకుంది. పౌరుషం ఉన్న మనిషైతే రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయేది. ఆమెకు మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది. ఉన్న మాట అది. ఆ రాత్రి భర్తతో అంతా చెబితే, మూడైనా మిగిల్చావుగా అన్నాడు అతను. ఓదార్పుగానే అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

నివేదిక అనుమతులిచ్చే ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లింది. పదకొండు వందల జవాబులు అక్కడ ఎవరూ పూర్తిగా చదవరు. ఇక్కడొకటి అక్కడొకటి తీసి చూస్తారని ఆమెకు తెలుసు. మూడు వారాల తర్వాత ఆఫీసు ఫోను మోగింది. అవతల ఆ కార్యాలయంలోని అధికారిణి. గొంతు బట్టి ఆవిడా రిటైర్‌మెంటుకు దగ్గర్లో ఉన్నట్టుంది. మాటకూ మాటకూ మధ్య దగ్గు.

"ఆరు వందల పన్నెండుకు జవాబు ఎవరు రాశారు?"

"నేనేనండి."

"మీరు చెప్పింది నిజం అని రాశారు. ఈ ఉద్యోగంలో నేను ఇలాంటి ముక్క చదవడం ఇదే మొదలు. అందుకే ఆగాను. సరే, పాత అంకె అంటున్నారు. మరి ఇప్పటి అంకె ఏది?"

జవాబులమ్మ రిసీవరు పట్టుకుని మేనేజరు గది వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది. అతను కూడా ఆమెనే చూస్తున్నాడు. వివరాలు కనుక్కుని చెబుతానని తప్పించుకోవచ్చు. ఆ మాట కూడా ఆమె పదకొండు జవాబుల్లో ఉంది.

"లేదండి. కొలవలేదు," అంది.

అవతల కలం గీసిన చప్పుడు వినిపించింది. థాంక్స్ అని ఫోను పెట్టేసింది ఆవిడ. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పల్లంలో మూడు కొత్త కొలత బావులు తవ్వాలి, వానాకాలమంతా వారం వారం కొలవాలి, అంతవరకూ అనుమతి లేదు.

మేనేజరు ఆమెతో నెల రోజులు పనిమాట తప్ప మాట్లాడలేదు. గోదాముల సంస్థ ఒప్పుకున్న పని పూర్తి చేయించుకుంది గానీ, ఆ తర్వాతి రెండు ప్రాజెక్టులూ పోటీ కంపెనీకి ఇచ్చింది. ఇద్దరిని పంపించేయాల్సి వచ్చింది. వాళ్లలో ఒకరు పక్క బల్ల అమ్మాయి. తన డ్రాయరులోని దువ్వెన, హ్యాండ్‌క్రీము, చిన్న అద్దం సంచిలో వేసుకుంటూ, మీరు చేసింది తప్పని నేను అనను మేడమ్ అంది ఆ అమ్మాయి. తప్పు కాదని కూడా అనలేదు. జవాబులమ్మ తనకు తెలిసిన నలుగురికీ ఫోన్లు చేసింది. రెండు నెలలకు ఆ పిల్లకు పోటీ కంపెనీలోనే ఉద్యోగం దొరికింది. అక్కడా నంబర్లు వేసే పనే. ఆ రెండు నెలలూ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూడాల్సి వచ్చినప్పుడల్లా ఆమె మొహం తిప్పుకునేది.

వానాకాలంలో కొలతలకు తనూ వెళ్లింది, మూడుసార్లు. నీటి నిపుణుడు గొడుగు పట్టుకుని, బూట్లు బురదలో కూరుకుపోతుంటే, తిట్టుకుంటూ టేపు దించేవాడు. పాత నివేదికలో పదకొండు మీటర్లన్న నీళ్లు రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల దగ్గర తగిలాయి. అతను టేపు పైకి తీసి తుడిచి మళ్లీ దించాడు. మళ్లీ అదే. మూడోసారి దించబోతూ ఆగి, "మేడమ్, నేను ఆ రోజు ఒకసారి వచ్చి చూసి ఉండాల్సింది" అన్నాడు. ఆ మాట చెప్పుకోవాల్సిన వాళ్లు ఆ రోడ్డు వేసిన దగ్గర్నుంచీ చాలామందే ఉన్నారు, తనతో కలిపి.

పంపు పెద్దాయన షెడ్డు కింద నిలబడి చూస్తూ ఉండేవాడు. అంకె చెబితే తల ఊపేవాడు, తనకు తెలిసిందే అన్నట్టు. ఒకసారి ఆయన పక్కన ఒక నడివయసు మనిషి ఉన్నాడు, చేతుల మీద సిమెంటు మరకలతో. పెద్దాయన ఎవరో చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆ మనిషి కాసేపు టేపు వైపు చూసి పనికి వెళ్లిపోయాడు.

గోదాములు కట్టారు. కాకపోతే ఇరవై రెండు కాదు, పదహారు. నేల ఎత్తు పెంచారు. పాత రోడ్డు కట్టను నాలుగు చోట్ల తవ్వి కిందనుంచి పెద్ద పైపులు వేశారు, నీళ్లు తూర్పుకు పోయేలా. పెద్దాయన పన్నెండేళ్ల కిందట గీసిన బొమ్మలో ఉన్నదీ అదే. మరుసటి ఏడు మొదటి పెద్దవాన పడ్డ మూడో రోజు ఆయన ఆఫీసుకు ఫోను చేశాడు. ఇదివరకు పది రోజులు నిలిచే నీళ్లు ఈసారి ఒకటిన్నర రోజే నిలిచాయని చెప్పాడు. ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. ఏదో అనబోయేంతలో ఆయన, నాలుగు పైపుల్లో ఒకటి అర అడుగు ఎత్తుగా పెట్టారమ్మా, దానివల్లే ఆ ఒకటిన్నర రోజు, కాస్త వాళ్ల చెవిన వెయ్యి అని పెట్టేశాడు. ఆమె ఇంజనీర్లకు రాసింది. నాలుగుసార్లు రాసింది. ఇప్పటికీ ఆ పైపు అలాగే ఉంది.

ఇంకో ఫైలు వచ్చింది. హైటెన్షన్ కరెంటు తీగల లైను, తొమ్మిది వందల అభిప్రాయాలు. జవాబులు మొదలుపెట్టే ముందు రాసినవాళ్లలో కొందరినైనా వెళ్లి చూసి వస్తాను, రెండు రోజులు ఇవ్వమని మేనేజరును అడిగింది. అతను క్యాలెండరు చూశాడు, ఆమె మోకాళ్ల వైపు చూశాడు, నిట్టూర్చాడు. పూట వరకైతే వెళ్లిరా అక్కా అన్నాడు. చాలా రోజుల తర్వాత, అదీ గది తలుపు తెరిచి ఉండగానే, అక్కా అన్నాడు.

ఆ పూట ఎండగా ఉంది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో పన్నెండు ఉత్తరాలు పెట్టుకుని, మొదటిది చదువుతూ నిద్రలోకి జారుకుంది. కండక్టరు భుజం తట్టి లేపేసరికి బస్సు ఆఖరి స్టాపులో ఆగి ఉంది. దిగాల్సిన చోటు రెండు మైళ్లు వెనక. ఎదురు బస్సుకు ఇంకా గంట టైముంది. తనను తాను తిట్టుకునే ఓపిక కూడా లేక, సంచి భుజానికి తగిలించుకుని నడక మొదలుపెట్టింది. మధ్యలో రెండు చోట్ల మైలురాయి మీద కూర్చుని మోకాలు ఒత్తుకుంది.

ఉత్తరం రాసినావిడ కుట్టుపని చేసుకునే మనిషి. ఇంటి మీదుగా తీగలు పోతాయని ఆరు పేజీలు రాసింది. పదకొండింటికి వస్తానన్న మనిషి పన్నెండున్నర దాటినా రాకపోతే ఇక రాదనుకుని మిషను దగ్గర కూర్చుని ఉంది. అయినా గుమ్మం పక్కన నీడలో వేసిన కుర్చీ మాత్రం లోపలికి తీయలేదు. జవాబులమ్మ వచ్చి ఆ కుర్చీలో కూలబడింది. ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయింది. తర్వాత జవాబులమ్మ కళ్లజోడు తుడుచుకుని, మొదటి పేజీ తీసి, ఆ తీగలు ఎటునుంచి ఎటు పోతాయో ఒకసారి చూపించమంది.